ఎడమకు వాలిన పాళీ

ఫిబ్రవరి 3, సోమవారం

పళ్ళ డాక్టరమ్మ తెచ్చిన పెన్ను పూర్తయింది. నల్లటి ఎబొనైట్ ఒళ్ళు, అంటే గట్టిపరచిన రబ్బరు; పక్కన సిరా నింపే మీట, బంగారు పాళీ. సిరా కారుతోందని మాత్రమే ఆవిడ చెప్పింది. లోపలి రబ్బరు సంచి తారులా కరిగి గోడలకు అంటుకుపోయి ఉంది. గీకి తీసి కొత్తది అతికించాను. నీళ్ళు నింపి నిలబెట్టి చూశాను. చుక్క కారలేదు.

పాళీ సంగతి ఆవిడ అడగలేదు. కానీ భూతద్దం కింద పెట్టాక నా కళ్ళు ఊరుకోలేదు. మొన మీద గుండ్రంగా ఉండవలసిన గట్టి గింజ ఎడమవైపు ఏటవాలుగా అరిగి, చదును పడింది. ఎవరో ఏళ్ళ తరబడి ఒకే వంకరలో రాసిన గుర్తు. గోడలన్నిటికీ సున్నం వేసి ఒక్క మూల వదిలేసినట్టు అనిపించింది. గరుకు పట్టీ మీద మెల్లగా తిప్పుతూ, ఆ చదును పోయేదాకా సరిచేశాను. ఇప్పుడు అచ్చులో పోసినట్టుంది. నా చేతిలో వెన్నలా నడుస్తోంది.

పని ముగించి లేస్తుంటే అత్తయ్య లోపలి గదిలోంచి ఎప్పటి ప్రశ్నే వేసింది. ఈ పని నాకు నేర్పింది ఆవిడే. చేతులు వణకడం మొదలయ్యాక బల్ల నాకు అప్పగించి, ఆ ప్రశ్నను మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.

"రాయించి చూశావా?"

"చూశాను, అత్తయ్యా."

నేను రాసి చూశాను. అబద్ధమేమీ కాదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

డాక్టరమ్మ తన క్లినిక్ తెరవబోయే ముందు వచ్చి పెన్ను తీసుకుంది. అది వాళ్ళ నాన్నగారిదట. ఉద్యోగమంతా వాతావరణ కేంద్రంలో చేశారట. వీధి పిల్లలు బడికి పోతూ గొడుగు కావాలా అక్కర్లేదా అని ఆయననే అడుగుతారట. ‘వాన తాత’ అని పేరు. పోయిన ఏడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచేయి కాస్త మిగిలింది కానీ అందులో నొక్కే బలం లేదు. ఆయన చేతిలో బాల్‌పెన్ను గీత పడదు, పెన్సిలూ అంతే. ఈ పెన్ను ఒక్కటే నొక్కకుండా రాస్తుంది. ఏం కావాలన్నా, ఎక్కడ నొప్పి ఉన్నా, చీటీ మీద రాసి ఇస్తారట.

చేతిసంచిలోంచి ఒక చీటీ తీసి చూపించింది. చిన్న చిన్న అక్షరాలు. ‘ఆకాశం నిర్మలం. టీ బాగుంది. ఎదురింటాయన మళ్ళీ మెట్ల మీద జారాడు. మర్యాదకు నవ్వలేదు.’

"పెన్ను మీ దగ్గరున్నన్నాళ్ళూ ఇల్లంతా బోసిపోయిందండీ," అంది. "మా నాన్న నోరు తెచ్చి మీ బల్ల మీద పెట్టి వెళ్ళినట్టుంది."

ఇద్దరం నవ్వాం. ఆవిడ వెళ్ళాక కూడా ఆ చీటీ నా కళ్ళ ముందు నుంచి కదలలేదు. అక్షరాలన్నీ ఎడమకు ఒరిగి ఉన్నాయి.

ఫిబ్రవరి 8, శనివారం

డాక్టరమ్మ ఫోను చేసింది. పెద్దాయన మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినా కాగితం మీద ఏమీ పడలేదట. పెన్ను పక్కన పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారట.

"కొత్త సంచి కదండీ, సిరాకు అలవాటు పడాలి," అన్నాను. "రెండు మూడు రోజులు చూడండి."

"అలాగా. సరే, మీకు తెలియనిదేముంది."

ఫిబ్రవరి 9, ఆదివారం

సంచి సిరాకు అలవాటు పడటం అనేదేమీ లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఆవిడ పెన్ను పట్టుకుని వచ్చింది. నేను రాశాను. గీత ఎక్కడా తెగలేదు. ఆవిడ తన పేరు రాసింది, దాని కింద సున్నాలు చుట్టింది. గీత ఎక్కడా తెగలేదు.

"అయితే లోపం పెన్నులో లేదన్నమాట," అంది.

"పెన్ను బాగానే ఉందండీ."

ఆ మాటలో అక్షరం కూడా తప్పు లేదు. ఆవిడ తల ఊపింది. తన దగ్గరికి వచ్చిన రోగులు కూడా తన మాటకు ఇలాగే తల ఊపుతారు కాబోలు.

"లోపల ఇంకోసారి పక్షవాతం వచ్చి ఉంటుంది. చిన్నది. మాకు తెలియకుండా," అని తనలో తాను అనుకున్నట్టు అంది. నేను కాదనలేదు.

ఆవిడ మెట్లు దిగిందో లేదో, అత్తయ్య అందుకుంది.

"నువ్వు రాశావు, ఆ అమ్మాయి రాసింది. పెన్ను ఎవరిదే?"

"వాళ్ళ నాన్నగారిది."

"మరి ఆయనో?"

"ఆయన నడవలేరు, అత్తయ్యా."

"నీకున్నాయిగా కాళ్ళు."

పాలు పొంగుతాయంటూ వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి వెలిగించనే లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

ఒక ఎబొనైట్ మూతను వేడినీళ్ళలో వేసి మరిచిపోయాను. తీసేసరికి నలుపు పోయి, ఎండిన ఆకు రంగు తేలింది. ఎబొనైట్‌ను నీళ్ళలో నానబెట్టకూడదన్నది ఈ బల్ల దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం. నేర్చుకునే రోజుల్లో కూడా చేయని తప్పు. నీళ్ళు మరీ వేడిగా ఉండి ఉంటాయి.

ఆ మూత యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు. చెప్పడం ఇంత సులువా అనిపించింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పాళీ బాగానే ఉంది.

ఫిబ్రవరి 17, సోమవారం

డాక్టరమ్మ దారిలో కనిపించింది. మందుల దుకాణం ముందు నిలబడి మాట్లాడుకున్నాం. కళ్ళ కింద నలుపు. నరాల వైద్యుడికి చూపించారట. రాయాలన్న కోరికే పోయి ఉండవచ్చు, ఈ జబ్బులో మనిషి మెల్లగా లోపలికి వెళ్ళిపోతాడు అన్నాడట ఆయన.

"టీ కూడా సగంలో వదిలేస్తున్నారండీ. ఒంట్లో సత్తువ ఉండాలని చక్కెర ఎక్కువే వేస్తున్నాను. అయినా పక్కన పెట్టేస్తారు. ఏమైనా కావాలా నాన్నా అంటే నా ముఖంలోకి చూస్తారు. ఆ చూపు భరించలేను."

పగలంతా ఆవిడకు క్లినిక్. ఇదివరకు ఆయన చీటీ రాసి కిటికీలో పెడితే పక్కింటావిడ వచ్చి చూసుకునేది. ఇప్పుడు చీటీ లేదు. నొప్పి వచ్చినా చెప్పే దారి లేదు. ఊరి చివర ముసలివాళ్ళను చూసుకునే చోట ఒకటో తారీఖున ఒక గది ఖాళీ అవుతుందట. కిటికీ ఉందా అని అడిగిందట. ఉంది కానీ గోడ వైపుకట.

"మీ పెన్నుకేం, బంగారంలా ఉంది," అని నాకే ధైర్యం చెప్పింది. "ఆయనే మారిపోయారు."

నాకు కొనవలసిన మందులేమీ లేవు. అయినా మందులు కొనడానికే వచ్చినట్టు దుకాణంలోకి వెళ్ళాను.

ఫిబ్రవరి 18, మంగళవారం

వయసు. జబ్బు. వైద్యుడే అన్నాడు కదా.

ఫిబ్రవరి 20, గురువారం

ఇంకో పెన్ను తీసుకున్నాను, మొన గుండ్రంగా ఉన్నది. వేళ్ళ మధ్య ఎడమకు ఒరిగేలా తిప్పి పట్టుకున్నాను. ఎంత ఒరగాలో ఆలోచించే పని లేకపోయింది. ఆ చదును ఏ వాలులో ఉండేదో నా వేళ్ళకు గుర్తుంది. దాన్ని పోగొట్టినవి అవే కదా. బలమంతా వదిలేసి, కాగితం మీద ఊరికే ఆనించి గీశాను.

ఏమీ పడలేదు.

మళ్ళీ గీశాను. పడలేదు. నొక్కితే పడింది. గుండ్రటి మొనను అలా ఒరిగిస్తే పాళీ రెండు రెక్కల్లో ఒకటే కాగితానికి తగులుతుంది. సిరా వచ్చే చీలిక గాలిలో ఉండిపోతుంది. బలమున్నవాడు నొక్కి రాస్తాడు. లేనివాడికి అది పెన్ను కాదు, పుల్ల. ఆ చదును అరుగుదల కాదు. ఆయన చేయి పాళీలో తన కోసం చేసుకున్న చోటు.

ఒక్క పరీక్షతో ఏదీ రుజువు కాదు. కాగితం చింపేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

అత్తయ్య మెరుగు పెట్టే పాత బట్టలు మడత పెడుతూ, ఎవరితోనో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"పెళ్ళయిన కొత్తలో మీ మామగారు నా చెప్పులు చూసి, ఒక పక్కకే అరిగాయని జాలిపడి, అడుగులు సాపు చేయించి తెచ్చారు. మర్నాడు నేను వీధిలో బోర్లా పడ్డాను. నా నడకకు అరిగిన చెప్పు అది. సాపు చేస్తే చెప్పు బాగుపడింది, నేను పడ్డాను."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆయన మళ్ళీ నా చెప్పుల జోలికి రాలేదు. రెండు నెలలు నా జోలికీ రాలేదు."

నవ్వు రాలేదు నాకు. వచ్చిందల్లా మాట.

"అత్తయ్యా, నేను రాయించి చూడలేదు."

"తెలుసు."

"మొన అరగదీశాను. ఎవరూ అడగలేదు. అందంగా లేదని అరగదీశాను."

"అదీ తెలుసు. రోజూ పాళీల మోత విని బతికినదాన్ని. ఆ రోజు గంటసేపు గరుకు పట్టీ మీద ఎవరు తిప్పారే, పిల్లి తిప్పిందా?"

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగాను. చూశానన్నావు."

బట్ట మడత పెట్టడం ఆపి నా వైపు తిరిగింది.

"అయినా నాకెందుకు చెబుతున్నావు? నేనేమైనా రాయలేక కూర్చున్నానా?"

ఫిబ్రవరి 24, సోమవారం

క్లినిక్‌కు వెళ్ళాను. చెప్పడానికే వెళ్ళాను. లోపల బెంచీ మీద దవడ పట్టుకుని ఇద్దరు కూర్చున్నారు. నా వంతు వచ్చేసరికి, పేర్లు రాసుకునే అమ్మాయి "ఏ పన్నండీ?" అంది. "ఎడమవైపు, పైది," అన్నాను. నోరే అంది, నేను కాదు.

డాక్టరమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. కుర్చీ వెనక్కి వాల్చింది. దీపం ముఖం మీద పడింది. పళ్ళ మధ్య ఒక నీలం కాగితం ముక్క పెట్టింది.

"కొరకండి. తెరవండి. మళ్ళీ కొరకండి. ఇప్పుడు పక్కలకు ఆడించండి."

కాగితం తీసి, చిన్న అద్దంతో చూసింది.

"ఇది దేనికండీ?" అన్నాను.

"ఏ పన్ను ఎక్కడ తగులుతోందో నా కంటికి తెలియదు. మీ కొరుకుడికి తెలుస్తుంది. కొరికించి చూడకుండా అరగదీశామనుకోండి, చూడ్డానికి పన్ను ముత్యంలా ఉంటుంది, నమలడానికి మాత్రం పనికిరాదు." అద్దం మళ్ళీ లోపలికి పెట్టింది. "నొప్పి ఉండాల్సినంతగా ఏమీ లేదు మీకు. అంచులు మాత్రం కొత్తగా అరిగినట్టున్నాయి. ఈ మధ్య నిద్రలో పళ్ళు కొరుకుతున్నారా?"

కుర్చీలో లేచి కూర్చున్నాను.

"మీ నాన్నగారి పాళీ నేను అరగదీశాను," అన్నాను. "మీరు కారడం ఆపమన్నారు. నేను మొన కూడా ముట్టుకున్నాను. ఆయన చేతికి తగ్గట్టు అరిగి ఉన్నదాన్ని లోపమనుకుని గుండ్రంగా చేశాను. మీరు రాసినా నేను రాసినా అది రాస్తుంది. ఆయన రాస్తే రాయదు. ఆయన మారలేదు. పెన్ను మారింది."

ఆవిడ ముఖానికున్న మాస్కు కిందికి లాగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

గురువారం అని చెప్పవచ్చు. గురువారమే పరీక్షించాను.

"మీరు చీటీ చూపించిన రోజే," అన్నాను.

"శనివారం ఆయనను ఎక్కడికి పంపిస్తున్నానో తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలిసీ, వచ్చి పన్ను చూపించుకుంటున్నారు."

"అవును."

దీపం ఆర్పేసింది. చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"రేపు సాయంత్రం ఇంటికి రండి. నాకు చెప్పినట్టే ఆయనకూ చెప్పండి. ఆయనకు మాటే పోయింది, వినికిడి కాదు. ఈ మధ్య ఆ సంగతి అందరం మరిచిపోయాం."

ఫిబ్రవరి 25, మంగళవారం

పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. ఒళ్ళో చెక్క పలక, దాని మీద తెల్ల చీటీల కట్ట. అన్నీ ఖాళీ. పక్కన చిన్న బల్ల మీద సగం తాగిన టీ మీగడ కట్టి ఉంది.

నిలబడే చెప్పాను. మధ్యలో ఎక్కడా ‘కానీ’ అనకూడదని దారంతా అనుకుంటూ వెళ్ళాను, అనలేదు. ఆయన కిటికీ మీంచి చూపు తిప్పి నా ముఖం మీద పెట్టి విన్నారు. విన్నాక కూడా చూపు తీయలేదు. తర్వాత కుడిచేయి మెల్లగా లేపి, పెన్ను కోసం చాచారు.

అప్పుడు చూశాను, మొదటిరోజే చూడవలసినది. పెన్నును ఆయన చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య పడుకోబెట్టి, అరచేతిని కొద్దిగా ఆకాశం వైపు తిప్పి పట్టుకున్నారు. పాళీ ఎడమకు ఒరిగింది.

చేయగలిగింది ఒకటే ఉంది. దాన్ని నా చేత్తో చేయకూడదు. అద్దం పలక మీద అన్నిటికన్నా సన్నటి గరుకు పట్టీ అంటించి ఆయన ఒళ్ళో పెట్టాను.

"దీని మీద రాయండి. రోజూ ఎలా రాస్తారో అలాగే. మీ చేయే మొనను మళ్ళీ అరగదీసుకుంటుంది. ముందే చెబుతున్నాను, గింజలో మిగిలింది కొంచెమే. ఎక్కువైతే కింద మెత్తటి బంగారం బయటపడుతుంది. అప్పుడు ఈ పాళీ ఎవరి చేతిలోనూ రాయదు."

డాక్టరమ్మ నన్ను చూసింది. "ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?"

"మోతను బట్టి."

"ఖచ్చితంగానా?"

"ఖచ్చితంగా చెప్పలేను."

ఆవిడ తండ్రి భుజం మీద చేయి వేసింది. "నాన్నా, మీ ఇష్టం."

ఆయన అప్పటికే మొదలుపెట్టారు. అక్షరాలు రాస్తున్నారు పట్టీ మీద, కనిపించని అక్షరాలు. పాళీ గరగరమంటోంది. ప్రతి వరుసకూ ఆపి, తుడిచి, భూతద్దంతో చూశాను. ఎడమవైపు వెంట్రుకంత చదును మెరిసింది. ఇంకా చాలదు. మళ్ళీ రాశారు. చేయి అలిసి కాసేపు ఒళ్ళో వాలింది. మళ్ళీ లేచింది. చెవి ఒగ్గి విన్నాను. గరగర సన్నబడింది, ఇంకా సన్నబడింది, బట్టను చేత్తో నిమిరినట్టయింది.

"ఆపండి," అన్నాను.

ఆయన ఆపలేదు. ఇంకో గీత గీశారు. గీసి, తల ఒక పక్కకు వంచి విని, ఆయనే ఆపారు.

భూతద్దం కింద, చదును అంచున, బంగారం ఇంకా బయటపడలేదు. నా లెక్కకన్నా ఆయన చెవి ఒక గీత ఎక్కువ అడిగింది. ఆ గీత కావలసిందే.

సిరాలో ముంచి ఇచ్చాను. డాక్టరమ్మ చీటీ జరిపింది. పాళీ కాగితానికి ఆనింది, కదిలింది. వెనకాల ఏమీ లేదు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేకపోయాను. రెండో అక్షరం దగ్గర నీలం కనిపించింది, తడిగా, సన్నగా. ఆయన వెనక్కి వెళ్ళి మొదటి అక్షరం మళ్ళీ దిద్దారు.

‘టీ పానకంలా ఉంటోంది. చక్కెర తగ్గించు.’

డాక్టరమ్మ చదివింది. మళ్ళీ చదివింది. తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, ఆయన మోకాలికి నుదురు ఆనించి, "ఇన్నాళ్ళూ అదా నాన్నా," అంది. ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. ఆయన ఎడమచేయి లేవదు. కుడిచేతిలో పెన్ను ఉంది. పెన్ను వదల్లేదు. కాసేపాగి రెండో చీటీ రాశారు.

‘ఆ గదికి వెళ్ళను. ఇక్కడ మబ్బు కనిపిస్తుంది.’

మూడో చీటీ నా వైపు జరిపారు.

‘మళ్ళీ రా అమ్మా. పెన్ను మాత్రం ముట్టుకోకు.’

ఫిబ్రవరి 26, బుధవారం

డాక్టరమ్మ నిన్న గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. "రాత్రి పళ్ళ మధ్య పెట్టుకునే తొడుగు చేయించుకోండి, అంచులు ఇంకా అరగకుండా," అంది. అంతే. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

మార్చి 1, శనివారం

ఒకటో తారీఖు. పెద్దాయన ఇంట్లోనే ఉన్నారు.

మూడో చీటీ చదివి వినిపిస్తే అత్తయ్య దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఒక్కసారి చూసి నీ లెక్క తేల్చాడు," అంది. నవ్వు ఆగాక ఎప్పటి ప్రశ్నే అడిగింది.

"అయితే రాయించి చూశావన్నమాట."

"చూశాను, అత్తయ్యా."

"ఎలా పట్టాడు?"

నోటితో చెప్పలేకపోయాను. పెన్సిలు తీసుకుని, వణికే ఆవిడ వేళ్ళ మధ్య పడుకోబెట్టి, అరచేతిని పైకి తిప్పి, ఎడమకు ఒరిగించాను. వేళ్ళు కాసేపటికి ఆ వాలుకు కుదురుకున్నాయి. అత్తయ్య కళ్ళు మూసుకుని గాలిలో రెండు ముక్కలు రాసి చూసింది.

"ఇది కూర్చుని రాసిన చేయి కాదే," అంది. "మోచేతి మీద పలక పెట్టుకుని, ఆరుబయట నిలబడి, పైకి చూస్తూ రాసిన చేయి."

పెన్సిలు తిరిగి ఇవ్వలేదు. అలాగే పట్టుకుని కూర్చుంది.